కాలికి బుద్ధి చెప్పిన మాస్టారు

ముందు చప్పుడు వస్తుంది.

కీ... అని సన్నగా మొదలై, చ్ అని తెగిపోయే చప్పుడు. పొద్దున ఏడు గంటలు. ఎండ ఇంకా మేడల అంచుల మీదే కూర్చుని, వీధిలోకి దిగాలా వద్దా అని కాళ్లూపుకుంటున్న వేళ. వీధి మొదట్లో ఒకసారి కీచుమంటుంది. కాసేపు నిశ్శబ్దం. పది గజాలు ఇవతల ఇంకోసారి. మేడమీద బట్టలారేస్తున్న ఆవిడ కిందికి చూడకుండానే, "బయల్దేరాడమ్మా మహానుభావుడు" అంటుంది. దర్జీ తన కొట్టు ముందున్న స్టూలును రెండడుగులు లోపలికి లాక్కుంటాడు. మూడో కీచుకు వీధికుక్క బద్ధకంగా లేచి అవతలి అరుగు మీదికి మారుతుంది. నాలుగోదానికి మలుపు తిరిగి కారు కనిపిస్తుంది.

నిమ్మపండు రంగు కారు. నెత్తిన చిన్న టోపీలాంటి బోర్డు. వెనక అద్దం మీద తెల్లటి అక్షరాలు: 'నేర్చుకుంటున్నాం, కాస్త ఓర్చుకోండి.' స్టీరింగు వెనక ఊపిరి బిగబట్టుకుని, కొత్తగా మీసం మొలిచిన ఒక కుర్రాడు. ఆ పక్క సీట్లో, వీటన్నిటి తర్వాత, ఆఖరున కనిపించేవాడు బ్రేకు మాస్టారు.

మాస్టారికి యాభై రెండేళ్లు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. మాటలో తొందర లేదు, చూపులో కోపం లేదు. గేరు మార్చబోయి వైపర్లు ఆడించిన వాడితో కూడా, "పర్లేదు నాయనా, వానొస్తే పనికొస్తుంది" అంటాడు. మనిషంతా మూత పెట్టిన కుండలో నీళ్లంత నిమ్మళం. కుడికాలు ఒక్కటే ఆయన మాట వినదు.

డ్రైవింగ్ స్కూలు కారులో శిష్యుడి పాదాల దగ్గర మూడు పెడళ్లుంటాయి. గురువు పాదాల దగ్గర ఇంకోటి ఉంటుంది, ఒకే ఒక్కటి. అది బ్రేకు. శిష్యుడికి మతిపోయినప్పుడు గురువు తొక్కడానికి పెట్టింది. ఎప్పుడో ఏడాదికోసారి అక్కరకు రావలసిన ఆ పెడల్ మీద మాస్టారి కుడికాలు ఇరవై రెండేళ్లుగా కాపరం పెట్టింది. కారు దిగినా ఆ కాలు డ్యూటీ దిగదు. బస్సులో వెళ్తుంటే ముందు సీటు కింద ఎవరో పెట్టుకున్న సంచీని తొక్కేస్తుంది. మంగలి కత్తి చెవి దగ్గరికి రాగానే కుర్చీ కాలిపీటను తొక్కేస్తుంది. బూట్లు కుట్టేవాడు ఆయన జత చేతిలోకి తీసుకుని, ఎడమది చూసి, కుడిది చూసి, "రెండూ ఒకే మనిషివేనా సారూ?" అని అడిగాడొకసారి.

తాళం తిప్పకముందే ప్రతి శిష్యుడికీ ఒక ఉపన్యాసం ఉంటుంది. వచ్చేవాళ్లందరూ పద్దెనిమిది నిండీ నిండని వాళ్లే కాబట్టి, ఆ ఉపన్యాసం మీద ఆయనకు గొప్ప నమ్మకం.

"చూడు నాయనా, కారు నడపడమంటే స్టీరింగు తిప్పడం కాదు. అది చంటిపిల్లలు కూడా తిప్పుతారు. నిమిషానికి పది నిర్ణయాలు తీసుకోవడం, అదీ డ్రైవింగంటే. ఇన్నాళ్లూ నీ తరఫున అమ్మో నాన్నో తేల్చేశారు. ఇకనుంచి ఆగాలా, వెళ్లాలా, నీదే. తప్పయినా నీదే, ఒప్పయినా నీదే. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"అయితే అదిగో, ఆ లారీ. ఏం చెయ్యాలో నువ్వే తేల్చుకో."

కుర్రాడు తేల్చుకునే లోపల కాలు తేల్చేసేది. కీ... చ్.

"సార్! పెడల్ దానంతటదే కిందికి పోయింది సార్!"

"నీ కాలే వేసింది నాయనా. నీకు తెలీకుండా వేశావు. అలవాటు పడుతోందన్నమాట. భేష్!"

ఆయన అబద్ధాలకోరు కాదు. ఈ అలవాటు ఎక్కడ మొదలైందో ఆయనకు బాగా గుర్తు. తొలి ఏడాది ఒకమ్మాయి, బెరుకు మనిషి, కరెంటు స్తంభానికి కూడా సారీ చెప్పి పక్కకు తిప్పేది. ఒకరోజు ఆమె వణుకుతుంటే ఆయనే బ్రేకు వేసి, ఏడుస్తుందేమోనన్న భయంతో "భేష్, బాగా ఆపావమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఇంత చిన్న మాటకు అంత వెలుగు వస్తుంటే ఎవరు మాత్రం చెప్పకుండా ఉంటారు? అప్పటినుంచి వేసేది కాలు, మెచ్చుకునేది నోరు. ఊళ్లో ఒక తరం పిల్లలు నిమిషానికి రెండు భేష్‌లు మూటగట్టుకుని ఆ కారు దిగారు.

దిగి, నేరుగా టెస్టుకు వెళ్లి ఫెయిలయ్యారు.

టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరు గారు పొట్టి మనిషి. మాస్టారి సీట్లో కూర్చోగానే రెండు పాదాలూ సీటు కిందికి మడిచేసుకుని, కాగితాలు బిగించిన పలక ఒళ్లో పెట్టుకుని, దాని మీదే రాసుకుంటుంది. ఆ నాలుగో పెడల్‌ను ఆవిడ కన్నెత్తి చూడదు. పిల్లలు తెల్లగీత దగ్గరికి వచ్చి, కారు ఎప్పట్లాగే ఆగుతుందని కుదురుగా కూర్చునేవాళ్లు. కారు ఆగేది కాదు.

"మాస్టారూ," అనేది ఆవిడ, "మీ పిల్లలకి స్టీరింగ్ వచ్చు, గేర్లు వచ్చు. మలుపు దగ్గర చెయ్యి చూపించడం నాకన్నా బాగా వచ్చు. ఆగడం ఒక్కటే రాదేంటండీ?"

"మిమ్మల్ని చూసి కంగారు పడుతున్నారు మేడం."

"నన్ను చూసా? అద్దంలో చూసుకుంటే నాకే జాలేస్తుంది."

చాలామంది మూడోసారో నాలుగోసారో గట్టెక్కేవాళ్లు. మధ్యలో ఎవరి బాబాయి కారో తీసుకుని, గోడకో గేటుకో ఒకసారి ఆనించి వచ్చేవాళ్లని మాస్టారికి తెలీదు. తన కారు మీద ఇరవై రెండేళ్లలో ఒక్క గీత పడలేదు. అది ఒక్కటే ఆయనకు తెలుసు. ఆదివారం ఆదివారం మెత్తటి గుడ్డతో తుడుస్తూ, గీతలు లేని ఆ ఒంటి మీద తన మొహం చూసుకునేవాడు.

ఇలా ఇంకో ఇరవై రెండేళ్లు గడిచేవేమో. ఈలోపు సొంత కూతురికి పద్దెనిమిది నిండాయి.

కూతుర్ని ఇంట్లో అమ్మడు అంటారు. జుట్టు ఎప్పుడూ సగం ఊడిన జడ, మోచేతికి ఎప్పుడూ ఏదో ఒక గీరుడు. వీధికుక్కకు కట్టు కట్టింది తనే, అది పీక్కుంటే మళ్లీ కట్టిందీ తనే. ఆ అమ్మాయికి ఏడేళ్లప్పుడు మాస్టారు సైకిలు నేర్పాడు. వెనక సీటు పట్టుకుని ఏడాది పొడుగునా పరిగెత్తాడు. అమ్మడికి సైకిలు మొదటి వారంలోనే వచ్చేసింది. వదలడం ఆయనకే రాలేదు. ఆరోగ్యం కోసం పరిగెడుతున్నాడనుకుని ఎదురింటాయన కూడా నాలుగు రోజులు వెంట పరిగెత్తి మానేశాడు.

ఇప్పుడు పశువుల డాక్టరమ్మకు ఒక వ్యాను ఉంది. జబ్బుపడ్డ దూడల్నీ, కాలు విరిగిన కుక్కల్నీ ఆస్పత్రికి తెచ్చే వ్యాను. దాని డ్రైవరు పని మానేశాడు. "లైసెన్సు తెచ్చుకో, వ్యాను నీకే. నెలాఖరుదాకా చూస్తాను, ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకోవాలమ్మా" అందావిడ. ఆ రోజునుంచి అమ్మడికి కలలో కూడా స్టీరింగే. తండ్రి దగ్గరే నేర్చుకుంది. వందల భేష్‌లు సంపాదించింది. రెండుసార్లు టెస్టుకు వెళ్లి రెండుసార్లూ ఫెయిలైంది.

రెండోసారి కారు దిగి, ఏడవకుండా, నేరుగా గేటు దాకా నడిచింది.

"ఇన్‌స్పెక్టరు గారు పలక మీద టకటకా కొట్టారుగా, దాంతో నువ్వు..." అని మొదలుపెట్టాడు మాస్టారు.

"ఆవిడ కొట్టలేదు నాన్నా. గీత కనిపించింది. ఆగుతుందిలే అనుకున్నా. ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకు అర్థం కావట్లేదు, అదీ నా బాధ."

మాస్టారికి ఆ కారణం అర్థమైనట్టే అయి, మళ్లీ చేజారిపోయింది. ఇక మిగిలింది సోమవారం టెస్టు ఒక్కటే. అది నెలలో ఆఖరుది.

మర్నాడు బ్రేకులు మరీ కీచుమంటున్నాయని కారును మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లారు. మెకానిక్కు నలభై ఏళ్లవాడు, ఆ కారు పుట్టినప్పటినుంచీ తెలిసినవాడు. కారు కిందికి దూరాడు, లోపలికి దూరాడు, రెండు రబ్బరు ముక్కలు పట్టుకుని బయటికొచ్చాడు. పాదం జారకుండా బ్రేకు పెడల్‌కు తొడిగే రబ్బరు తొడుగులు.

"గురువుగారూ, బ్రేకుల్లో లోపమేం లేదు. ఒకటడుగుతాను, ఏమనుకోరుగా?"

"అడుగు."

"ఇది మీ వైపుది. పోయినేడు మార్చాను. ఇప్పటికి ఐదోసారి." ఒకటి చూపించాడు. స్నానాలగదిలో ఆఖరికి మిగిలే సబ్బు పలుకులా ఉంది అది, నున్నగా, మధ్యలో చిల్లుపడి. "ఇది శిష్యుల వైపుది. కారుతోపాటు వచ్చింది. ఒక్కసారి కూడా మార్చలేదు." రెండోది చూపించాడు. దానిమీద గళ్లు గళ్లుగా నేత నేతంతా అలాగే ఉంది. అచ్చులోంచి తీసినప్పుడు అంచున మిగిలిపోయిన రబ్బరు నూగు కూడా చెక్కుచెదరలేదు. "ఇంతకీ ఈ స్కూల్లో నేర్చుకుంటున్నది ఎవరు గురువుగారూ?"

నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి, నవ్వు సగంలో మింగి, మళ్లీ కారు కిందికి దూరిపోయాడు.

అమ్మడు రెండు రబ్బర్లూ అరచేతుల్లో పెట్టుకుంది. తూకం వేస్తున్నట్టు ఒక చెయ్యి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి.

"నాన్నా, నేను వేశానని నువ్వు చెప్పిన బ్రేకుల్లో, నేను వేసినవెన్ని?"

మాస్టారికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ కాలు ఆడకపోవడం బహుశా అదే మొదటిసారి.

"ఉన్నాయమ్మా."

"ఎన్ని?"

"అప్పుడప్పుడూ..."

"మరి భేష్ అన్నావుగా." ఆ మాట అరుపుగా వచ్చుంటే బాగుండేది. మెల్లగా వచ్చింది. "ఆ భేష్‌లన్నీ లెక్క చూసుకుని పడుకునేదాన్ని నేను."

కారు కింద మెకానిక్కు ఏదో పానాను కావాలని గట్టిగా మోగించాడు, తనకేమీ వినబడటంలేదని చెప్పడానికి.

ఇంటికొచ్చేసరికి సంగతి మాస్టారి భార్యకు వాళ్ల మొహాల్లోనే తెలిసిపోయింది. అన్నం వడ్డిస్తూ అందుకుంది.

"నేను ఎప్పుడో చెప్పాను. పెళ్లైన కొత్తలో సినిమాకి తీసుకెళ్లారు. తెర మీద కారు ఎదురుగా వస్తుంటే ఈయన నా కాలు తొక్కారు. విశ్రాంతి వచ్చేదాకా తీయలేదు. ప్రేమ అనుకున్నాను నేను!"

"మధ్యలో ఆ సంగతెందుకిప్పుడు?"

"ఎందుకేంటండీ? నిన్న నేను కూర తరుగుతుంటే కత్తి వేలి దగ్గరికొచ్చిందని బల్ల కింద ధన్‌మని తొక్కారు. ఉలిక్కిపడి వేలు తెగింది. మీరు తొక్కకపోతే తెగేది కాదు."

అమ్మడు అన్నం కలుపుతూ తలెత్తకుండా చెప్పింది. "ఆదివారం ఒక్క పాఠం. నువ్వు పక్కన కూర్చో. కాలు కిందికి రాకూడదు. వచ్చిందంటే అక్కడే దిగిపోతా, పక్కవీధి స్కూల్లో చేరతా."

పక్కవీధి స్కూలు పేరు వినగానే మాస్టారు నోటిదాకా తెచ్చిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. "నా చేతిలో ఉంటే పెట్టనమ్మా. అది నా మాట వినదు."

"తువ్వాలు పెట్టి సీటుకి కట్టేద్దాం," అంది భార్య.

"కట్టేస్తే తను పెట్టనట్టు ఎలా అవుతుందమ్మా? తనే పెట్టకూడదు." అమ్మడు ఆయన వైపు తిరిగింది. "నాన్నా, బాసింపట్టు వేసుకుని కూర్చో."

"కారులోనా?"

"కారులోనే. కాళ్లు రెండూ సీటు మీద. చేతులు మోకాళ్ల మీద. హ్యాండు బ్రేకు వైపు వేలు వెళ్లినా లెక్కే."

కాలికి బుద్ధి చెప్పడమంటే ఇన్నాళ్లూ పారిపోవడమనే అనుకున్నాడాయన. నిజంగానే కూర్చోబెట్టి చెప్పాల్సిన రోజొకటి వస్తుందని అనుకోలేదు. మిగిలిన రెండు రోజులూ అభ్యాసం చేశాడు. భోజనాల బల్ల దగ్గర కుర్చీలో బాసింపట్టు. పేపరు చదువుతూ బాసింపట్టు. కూర తరుగుతున్న చప్పుడు వినబడితే, కింద పెట్టడానికి కాలు లేక, తొడ మీద చర్మం ఒక్కసారి అదిరేది, గుర్రం ఈగను తోలుకున్నట్టు.

ఆదివారం పొద్దున వీధి ఖాళీగా ఉంది. మాస్టారు కుడికాలు ముందు మడిచి, దానిమీద ఎడమకాలు పెట్టి సీట్లో కూర్చున్నాడు. ఒక మోకాలు తలుపుకు, ఒక మోకాలు గేరు కర్రకు. పైన బెల్టు. తపస్సుకు కూర్చున్న మునిలా ఉన్నాడు. కాకపోతే ఏ అప్సరసా రాకముందే చెమటలు పట్టేసిన ముని.

అమ్మడు తాళం మీద చెయ్యి పెట్టి ఆగింది.

"నాన్నా, పక్కన కూర్చోవడమంటే సీటు ఆక్రమించుకోవడం కాదు. అది సామాన్ల సంచి కూడా చేస్తుంది. ఇన్నాళ్లూ నా తరఫున నీ కాలు తేల్చేసింది. ఇకనుంచి ఆగాలా, వెళ్లాలా, నాదే. తప్పయినా నాదే, ఒప్పయినా నాదే. అర్థమైందా?"

"అర్థమైందమ్మా."

మొదటి కూడలి దగ్గర కారు గీత దాటి మూరెడు ముందుకెళ్లి ఆగింది. మాస్టారి నోట్లో 'పర్లేదు' అనే మాట సగం బయటికొచ్చింది.

"పర్లేదు అనకు. దాటేశా. ఇంకాస్త ముందే తొక్కాలి."

రెండో కూడలి దగ్గర మరీ ముందే ఆగింది, వెనక రిక్షావాడు, "ఏం తల్లీ, గీత కనబడితే దణ్ణం పెట్టుకుంటున్నావా?" అన్నాడు. మూడోచోట సరిగ్గా గీత మీదికి, చెప్పులు విడిచి గుమ్మంలో అడుగుపెట్టినంత మెల్లగా వచ్చి ఆగింది. మాస్టారు చెవులు రిక్కించాడు. కీచు లేదు. ఆ కారు చప్పుడు లేకుండా ఆగగలదని ఇరవై రెండేళ్లలో ఆయనకు తెలీదు. ఆ అరుపు బ్రేకుది కాదన్నమాట, తన భయానిది.

"భే..." అన్నాడు.

"నాన్నా!"

"బేకరీ అంటున్నానమ్మా. అదిగో, తెరిచారు."

తర్వాత దిగుడు రోడ్డు. ఎడమవైపు వరసగా దుకాణాలు, ఆదివారమైనా తెరిచి ఉండేది టైర్ల కొట్టు ఒక్కటే. కారు మూడో గేరులో దిగుతోంది. అంతలో ఆ కొట్టులోంచి ఒక టైరు బయటికొచ్చింది. ఎవరూ తోలకుండా, తనకేదో పనున్నట్టు, మెట్టు దిగి, కొంచెం తూలి, రోడ్డుకు అడ్డంగా దొర్లుకుంటూ వస్తోంది.

మాస్టారు తపస్సు మర్చిపోయాడు. మాట మర్చిపోయాడు. పక్కవీధి స్కూలు కూడా మర్చిపోయాడు. పెట్టేద్దామనే అనుకున్నాడు. కుడికాలిని పిలిచాడు.

కాలు రాలేదు.

అరగంటగా ఎడమకాలి కింద నలిగిన కుడికాలికి తొడ నుంచి వేళ్లదాకా తిమ్మిరెక్కింది. అది ఉందో లేదో కూడా తెలియట్లేదు. ఇరవై రెండేళ్లు రెప్పవెయ్యకుండా కాపలా కాసిన కాలు, కావలసిన ఒక్క క్షణాన గుర్రుపెట్టి నిద్రపోతోంది.

కారు ఆగింది. మెత్తగా. టైరు కారు ముందునుంచి తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్లి, అవతలి గోడకు ఆనుకుని, చుట్టూ తిరిగి పడుకుంది. మాస్టారు ఊపిరి వదిలాడు.

"పోయిందమ్మా. పద."

అమ్మడు పాదం తియ్యలేదు. "ఉండు నాన్నా."

"రోడ్డంతా ఖాళీయే. వెనక వాళ్లు..."

"టైరు ఊరికే రాదుగా. దాన్ని వదిలేసిన మనిషి ఇంకా రాలేదు."

ఆ మాట పూర్తయ్యేలోపు కొట్టులోంచి ఒక భారీ మనిషి ఊడిపడ్డాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. కళ్లు టైరు మీదే. కుడివైపు లేదు, ఎడమవైపు లేదు, నిమ్మపండు రంగు కారన్నది భూమ్మీద లేదు. బంపరుకు రెండు మూరల దూరంలో రోడ్డు దాటి, టైరును పట్టుకుని, తప్పిపోయిన పిల్లాడికి చెప్పినట్టు ఏదో చివాట్లు పెట్టి, అప్పుడు తలెత్తి చూశాడు. అమ్మడు చెయ్యి ఊపి దారిచ్చింది. ఆయన టైరును నడిపించుకుంటూ వెనక్కి వెళ్లాడు. అప్పుడు కారు కదిలింది.

'పద' అన్నది తను. ఆగింది తను కాదు. మిగిలిన దారంతా మాస్టారు ఆ రెండు ముక్కలే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఇంటి ముందు కారు ఆపి, అమ్మడు బెల్టు తీసి, ఆయన వైపు తిరిగింది. కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"కాలు పెట్టలేదు నాన్నా నువ్వు. టైరొచ్చినా పెట్టలేదు! నేను చూస్తూనే ఉన్నా, అంగుళం కూడా కదల్లేదు."

"పెట్టలేదమ్మా," అన్నాడు మాస్టారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"భేష్ నాన్నా!"

ఆ భేష్ వచ్చి గుండెలో కూర్చుంది, వెచ్చగా, దొంగసొత్తులా. చేయని పనికి మెప్పు ఎంత కమ్మగా ఉంటుందో, అంత కమ్మదనం కింద ఎంత సన్నటి ముల్లుంటుందో ఆయనకు ఒకేసారి తెలిసొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అమ్మడి మొహం చూసి మూసేశాడు.

"దిగు మరి."

"నువ్వు పద. నేను కాసేపు కూర్చుంటా. గాలి బాగుంది."

గాలి లేదు. లక్ష చీమలు కుడికాల్లోకి తిరిగొస్తున్నాయి. పావుగంట తర్వాత తలుపు పట్టుకుని, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ లోపలికొస్తున్న భర్తను చూసి భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్లాసు మంచినీళ్లిచ్చి, వంటగదిలోకెళ్లి, అక్కడ చాలాసేపు ఒక్కతే నవ్వుకుంది.

సోమవారం టెస్టు మైదానంలో మాస్టారు కంచె ఇవతల నిలబడ్డాడు. అమ్మడు తెల్లగీత దగ్గర ఆగింది. రెండో గీత దగ్గర ఆగింది. మూడోది ఇన్‌స్పెక్టరు గారు కావాలని చూపించకుండా పలక అడ్డం పెట్టిన గీత. అక్కడా ఆగి, "మేడం, కొంచెం పలక దించండి, రోడ్డు కనబడట్లేదు" అంది. ఆవిడ పలక దించి, దాని మీదే సంతకం పెట్టేసింది. తర్వాత మాస్టారి దగ్గరికొచ్చి కిందికి చూసింది. ఆయన కుడిబూటు కింద, మట్టిలో, మొక్క నాటుకోవచ్చనిపించేంత గొయ్యి.

"ఆపింది మీరా, మీ అమ్మాయా?"

"అమ్మాయేనండీ," అన్నాడు మాస్టారు. "నేను వేసినవి ఇక్కడే ఉన్నాయి."

ఇప్పుడు ఏడింటికి వీధిలోకి ఏ చప్పుడు వస్తుందో చెప్పలేం. ఒక్కో శిష్యుడిది ఒక్కో చప్పుడు. కొందరివి అసలు వినబడవు, వీధికుక్కకు అదే పెద్ద చిక్కైపోయింది. మొదటి వారం మాస్టారి కాలు కిందే ఉంటుంది, పెడల్ పక్కన. ప్రమాదమైతే వేస్తాడు, వేస్తే మాత్రం, "ఇది నేను వేశాను నాయనా, నీది కాదు" అని అప్పటికప్పుడే చెప్పేస్తాడు. ఆఖరి వారం బాసింపట్టు. కారుకు మూడు గీతలు పడ్డాయి. కొత్తగా వచ్చినవాళ్లకు వాటిని చుట్టాల్ని పరిచయం చేసినట్టు చూపిస్తాడు: "ఇది అద్దం చూడటం నేర్చుకున్న గీత. ఇది వెనక్కి రావడం నేర్చుకున్నది. ఈ పొడుగుది నాది, నోరు మూసుకోవడం నేర్చుకున్నాను." పోయిన నెలలో మెకానిక్కు శిష్యుల వైపు రబ్బరు మార్చాడు, కారు పుట్టాక మొదటిసారి. అరిగిన ఆ ముక్కను మాస్టారు ఇంటికి తెచ్చి అద్దం దగ్గర పెట్టుకున్నాడు. అమ్మడు నడిపే పశువుల డాక్టరమ్మ వ్యాను వీధిలోంచి వెళ్లినప్పుడల్లా లోపల ఏదో ఒక దూడ అరుస్తుంది. మాస్టారి కాలు ఆ అరుపుకు కూడా కొంచెం కదులుతుంది.

ఈ సంగతులన్నీ ఆయనే, రెండు పాఠాల మధ్య దొరికిన ఖాళీలో, కారులో కూర్చుని చెప్పుకొచ్చాడు. రాసుకోవడానికి వచ్చిన మనిషి కాగితాలు సర్దుకుని దిగబోతుంటే, చెయ్యి పట్టుకుని ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ తిమ్మిరి సంగతి రాయకండి. మా అమ్మడు చదువుతుంది." స్టీరింగు మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు. "లేదులెండి, రాయండి. కానీ ఒక్క కాలికే అని రాయండి. తిమ్మిరి కుడికాలికే. ఎడమకాలు పైనే ఉంది, బాగానే ఉంది, టైరును చూసి అది కూడా లేవబోయింది. దాన్ని మాత్రం నేనే ఆపానండీ."